తూటా ఖర్చు కూడా రైతు నెత్తినేనా?

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సభ మొదలయ్యే ముందు బయట చెట్టు కింద కూర్చున్నవాళ్ల మాటలు విన్నాను. పల్లి ధర గురించి కాదు, యూరియా గురించి కాదు. పందుల గురించి, జింకల గురించి. ఒకాయన అంటున్నాడు: "పంట పండించేది నేను, రాత్రంతా కావలి కాసేది నేను, ఆఖరికి తూటా కూడా నేనే కొనియ్యాల్నా?" ఇవాళ నేను మాట్లాడేది ఆ ప్రశ్న మీదనే.

నా సంగతే చెబుతాను. నిరుడు యాసంగిలో గుట్ట కింద మూడెకరాలు పల్లి వేశాను. కాయ పట్టే వేళకు పందుల మంద దిగింది. పంది చేన్లో పడితే మేసి పోదు కదా, మూతితో సాళ్లన్నీ దున్నినట్టు పెళ్లగిస్తుంది. చుట్టూ పాత చీరలు కట్టాము. మైకులో కుక్క అరుపులు పెట్టాము. నాలుగు రోజులు భయపడ్డాయి, అయిదో రోజు మైకు పక్కనే తవ్వాయి.

అప్పుడు అర్జీ పెట్టుకున్నాము. అడవిపందులను కాల్పించే అధికారాన్ని ప్రభుత్వం సర్పంచులకు అప్పగించిందని మీకు తెలుసు. కానీ అప్పటికి సర్పంచులు ఎక్కడున్నారు? 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన. కాగితం తిరిగి తిరిగి వచ్చేసరికి సగం చేను పోయింది. చివరికి అనుమతి ఉన్న షూటర్ వచ్చాడు. మంచి మనిషి, ఫీజు అడగలేదు. "అన్నా, ఇదివరకు తూటాలు నా సొంతంవే పెట్టుకునేవాణ్ణి. ఏటా ధర పెరుగుతున్నది. లైసెన్సు మీద ఏడాదికి ఇన్నే అని లెక్క కూడా ఉంటది. ఇంక నాతో కాదు" అన్నాడు. తప్పేముంది? అతను సర్కారు నౌకరు కాదు.

రెండు రాత్రులు మంచె మీద కూర్చుంటే ఒక్కటీ రాలేదు. మూడో రాత్రి నాలుగు తూటాలు పేలిస్తే రెండు పందులు పడ్డాయి. తూటాలు, బండి డీజిలు, తిండి, గుంత తవ్విన కూలి, అంతా ఆరుగురు రైతులం పంచుకున్నాము. గుంత ఎందుకంటే, కాల్చిన పందికి పంచనామా చేసి పూడ్చాల్సిందే. కూర వండుకోలేదా అని ఎవరో నవ్వుతున్నారు. వండితే జైలే నాయనా. పది రోజులకు మిగిలిన మంద మళ్లీ వచ్చింది.

ఇంకో చిక్కు ఉన్నది. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌లో జమ చేయిస్తారు. మొన్న డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. డిసెంబరు అంటే మన పల్లి చేలల్లో కాయ ఊరే కాలం. పందికి ఎన్నికల కోడ్ వర్తించదు.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 11వ సెక్షన్‌లో నిలబడి ఉన్న పంటకు ముప్పు అయితే పందిలాంటి జంతువును కాల్చడానికి అనుమతి ఇవ్వవచ్చని ఉన్నది. 1959 ఆయుధాల చట్టంలో కూడా పంట కాపాడుకునే రైతుకు మందు కూరి పేల్చే తుపాకీ లైసెన్సు అన్న మాట ఉన్నది. ఇక్కడ ఆ లైసెన్సు ఎందరికి ఉన్నది? చేతులెత్తండి. (ఎవరూ ఎత్తలేదు.) ఇంటింటికీ తుపాకీ ఇమ్మని నేను అడగడం లేదు. దానివల్ల వచ్చే చేటు వేరే. కాగితం మీద హక్కు ఇచ్చి, దాని ఖర్చు మన మీద వేశారు అంటున్నాను.

జింకల దగ్గరికి వస్తే ఆ కాగితం కూడా లేదు. జూరాల ఎగువన కృష్ణ, మాగనూరు, మక్తల్ మండలాల్లో కృష్ణజింకలు మందలు మందలుగా పత్తి, కంది మొలకలు మేస్తున్నాయి. కృష్ణజింక మొదటి షెడ్యూలు జంతువు. పంట తిన్నదని దాన్ని కాల్చడానికి అనుమతి ఎవరూ ఇవ్వలేరు. చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు. సల్మాన్ ఖాన్‌నే కోర్టుల చుట్టూ ఎన్నేళ్లు తిప్పారో చూశాము. నల్లమల అంచున అచ్చంపేట, లింగాల వైపు దుప్పుల బాధ వేరే. మన రాష్ట్ర జంతువు కూడా ఆ మచ్చల జింకనే. రాష్ట్రానికి గౌరవం, మేత మాత్రం మన చేలల్లో.

ఇంగ్లండు, స్కాట్లాండుల్లో జింకలను లైసెన్సు తుపాకీతో వేటాడటం చట్టబద్ధమే. అక్కడ సీసం తూటాలను ఆపి రాగి తూటాలు వాడమంటున్నారు, వాటి ధర ఎక్కువని వేటగాళ్లు గొడవ చేస్తున్నారు. వాళ్ల గొడవ తూటా ధర మీద. మనకు జింక విషయంలో తూటా మాటే వద్దు. దాన్ని చంపమని మన సంఘం ఎప్పుడూ అడగలేదు, అడగదు. పట్టుకొని తీసుకుపొమ్మంటున్నాము.

అది కాని పనా? 2025 అక్టోబరు, నవంబరుల్లో మధ్యప్రదేశ్‌లో షాజాపూర్ వైపు పొలాల్లోంచి ఎనిమిది వందలకు పైగా కృష్ణజింకలను పట్టి అడవులకు తరలించారు. హెలికాప్టర్‌తో మందను తోలి, పందిరి దడిలాంటి బోమాలోకి మళ్లించి, లారీల్లో ఎక్కించారు. అక్కడ రైతు జేబులోంచి పైసా అడగలేదు. మనకేమో ముడుమాల్‌లో జింకల కేంద్రం అన్న మాట ఏళ్లుగా వినిపిస్తూనే ఉన్నది.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. తూటా ఖర్చు భరించలేక, అనుమతి దొరకక, కొందరు చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. ఆ తీగకు పంది పడితే పడుతుంది. కానీ రాత్రి మోటరు వేయడానికి పోయిన పక్క చేను మనిషి పడ్డ వార్తలు ఏటా చదువుతున్నాము. మీ ఊర్లో ఎవరైనా కడితే కోపం తెచ్చుకోకుండా కూర్చోబెట్టి మాట్లాడండి. తీగ తీయించండి. చట్టబద్ధమైన సోలార్ ఝట్కా మిషన్ వేరు, లైన్ మీద కొక్కెం వేసిన తీగ వేరు.

బీమా సంగతి. ఫసల్ బీమాలో అడవి జంతువుల నష్టాన్ని కూడా ఈ 2026 వానాకాలం నుంచి చేరుస్తున్నామని కేంద్రం ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫోన్‌లో ఫొటోలు పెట్టాలి. బాగానే ఉన్నది. కానీ మన రాష్ట్రం 2020లోనే ఆ పథకంలోంచి బయటికి వచ్చింది. తిరిగి చేరుతామన్న మాటలు విన్నాము. పథకంలో మన పేరే లేకపోతే ఫొటో ఎవరికి పంపాలి?

కాబట్టి కలెక్టర్ల ముందు పెట్టేది ఇది. అడవిపందుల విషయంలో షూటర్ రాను పోను ఖర్చు, తూటాల ఖర్చు అటవీ శాఖ భరించాలి. ఊరి పంచాయతీ మీదికి నెట్టొద్దు, అక్కడ పైసలు లేవు. ఎన్నికల సమయంలో కూడా అనుమతి ఉన్న షూటర్లకు మినహాయింపు కావాలి. జింకలు పట్టి తరలించే పని ఏ తేదీకి మొదలవుతుందో రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటిదాకా పోయిన పంటకు పరిహారం ఇవ్వాలి.

ఇప్పుడు కొత్త సర్పంచులు ఉన్నారు. మీ ఊరి సర్పంచ్ దగ్గరికి పోయి అధికారం కాగితం ఉన్నదా అని అడగండి. చాలామందికి తమకు ఆ అధికారం ఉన్నదనే తెలియదు. పోయిన పంట ఫొటోలు, పాసుపుస్తకం జిరాక్సు, షూటర్‌కు పెట్టిన ఖర్చు చిట్టీ, ఎంత చిన్నదైనా సరే, తీసుకొని వచ్చే సోమవారం ప్రజావాణికి రండి. మూడు కలెక్టరేట్లకూ ఒకే రోజు పోదాం. నా ఆరుగురి చిట్టీ నేను తెస్తున్నాను.