గర్భసంచిలో గడ్డ: హార్మోన్లు, ఆపరేషన్ తొందర

ఈ ఉపన్యాసం శంకర్‌పల్లిలో జరగడం నాకు సంతోషం. చేవెళ్ల, మొయినాబాద్ వైపు కూరగాయల మళ్లలో, పూలతోటల్లో పనిచేసే అక్కచెల్లెళ్లు అడిగే ప్రశ్నే ఈవేళ నా విషయం: "స్కానింగ్‌ల గడ్డ ఉన్నదన్నరు. సంచి తీసెయ్యాల్నా?"

ఆ గడ్డ పేరు ఫైబ్రాయిడ్. గర్భసంచి కండరంలోని ఒక్క కణంలో వచ్చిన మార్పుతో అది మొదలవుతుంది. దాన్ని పెంచేవి అండాశయాలలో తయారయ్యే హార్మోన్లు, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్. చాలాకాలం నేరమంతా ఈస్ట్రోజెన్ మీదే మోపారు. నిజానికి ఈస్ట్రోజెన్ ఆ కణాలను ప్రొజెస్టెరాన్‌కు స్పందించేలా సిద్ధం చేస్తుంది. కణాలు చీలి పెరగడానికి, చుట్టూ గట్టి పీచు చేరడానికి ప్రొజెస్టెరాన్ ముఖ్య కారణం. గడ్డ కూడా తనకు కావలసిన ఈస్ట్రోజెన్‌ను కొంత తానే తయారు చేసుకుంటుంది. అయినా మూలం అండాశయాల హార్మోన్లే కాబట్టి, రజస్వల కాకముందు ఈ గడ్డలు దాదాపు కనబడవు, ముట్లుడిగాక చాలావరకు కుంచించుకుపోతాయి. నలభై అయిదేళ్ల మనిషికి ఏ ఇబ్బందీ లేకపోతే, ఆగి చూడటమే వైద్యం.

చిన్నవయసులోనే రజస్వల కావడం, తల్లికో అక్కకో ఈ గడ్డలుండటం, అధిక బరువు, బీపీ, డి విటమిన్ లోపం ఉన్నవారిలో ఇవి ఎక్కువ. కాన్పులైనవారిలో కొంత తక్కువ. గడ్డ వచ్చినందుకు ఆ మనిషిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

నన్ను బాధపెట్టేది ఆపరేషన్ తొందర. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి సుమారు 3. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో 8కి పైనే. అన్నీ గడ్డల కోసం చేసినవి కావు, అన్నీ అనవసరమూ కావు. కానీ "పిల్లలు పుట్టిండ్రు, ఇంక సంచెందుకు" అన్న మాట, క్యాన్సర్ భయం కలిసి ఎందరినో ఆపరేషన్ బల్ల ఎక్కించాయి. ఫైబ్రాయిడ్ అనుకున్నది క్యాన్సర్‌గా తేలడం చాలా అరుదు. అండాశయాలు కూడా తీసేస్తే, వయసు రాకముందే ముట్లుడిగి ఎముకలు, గుండె దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. అనవసరంగా గర్భసంచులు తీయకుండా మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

అలాగని నొప్పిని, రక్తస్రావాన్ని ఓర్చుకోమని నేను చెప్పను. మన తెలంగాణలో సగానికి మించి స్త్రీలు రక్తహీనతతో ఉన్నారు; ఎక్కువ ముట్టు దాన్ని ఇంకా ముదరబెడుతుంది. రక్తస్రావం తగ్గించే మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది, గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది. అవేవీ పనికిరానప్పుడు, కొన్ని సందర్భాల్లో మొదటే, సంచి తీయడం సరైన వైద్యమే. ముట్లుడిగాక రక్తం కనబడినా, గడ్డ పెరిగినా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి.

అమ్మలారా, ఆపరేషన్‌కు సంతకం పెట్టే ముందు గడ్డ ఎంత ఉందో, ఎక్కడుందో, వేరే దారి ఏముందో అడగండి. ఆ స్కానింగ్ కాగితంతో ఇంకో డాక్టరును కూడా కలవండి.