గాలిమోటరు గంట ఎంత?



హాలియా దగ్గర ఎడమ కాలువ గట్టున నిలబడితే అవతలి చేను కనబడుతూనే ఉంటుంది. కాని వంతెన దాకా నడిచి, కాలువ దాటి, మళ్ళీ వెనక్కి రావాలె. కొంగకు ఈ తిప్పలు లేవు. సూటిగా ఎగిరిపోతది. గాలిమోటరుది, అదే, విమానానిది కూడా కొంగ దారే.

ఒక తల్లి కథ చెప్పుకుందాం. ఇది లెక్క కోసం అల్లిన కథ. ఊళ్ళు, దూరాలు మాత్రం నిజం.

ఆ తల్లిది హాలియా. పెద్దబిడ్డ కాపురం విజయవాడ. చిన్నబిడ్డది కడప. తల్లి విజయవాడలో ఉండగా పొద్దున 8 గంటలకు ఫోను వచ్చింది. చిన్నబిడ్డకు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. దవాఖానలో అల్లుడు ఒక్కడే ఉన్నాడు.

"అమ్మా, విమానంలో పో. గంటలో కడపలో ఉంటావు" అన్నది పెద్దబిడ్డ.

నిజంగా గంటేనా?

విజయవాడ విమానాశ్రయం గన్నవరంలో ఉంది. అక్కడి నుంచి కడప విమానాశ్రయానికి సూటి దూరం సుమారు 310 కిలోమీటర్లు. రోడ్డు మీద ఇంకా ఎక్కువ. ఇలాంటి ఊళ్ళ మధ్య తిరిగేవి రెక్కలకు పంకాలున్న చిన్న విమానాలు. డెబ్భై ఎనభై మంది పడతారు. గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోతాయి. ఆ లెక్కన 40 నిమిషాలు కూడా పట్టవద్దు. కాని టికెట్టు మీద గంట పైచిలుకే ఉంటది. ఎందుకంటే విమానం కదిలిన దగ్గర నుంచి ఆగిందాకా లెక్క కడతారు. నేల మీద మెల్లగా పోవాలె, పైకెక్కాలె, దిగేముందు వేగం తగ్గించాలె. దూరం తక్కువైనా ఈ పనులు తప్పవు.

ఇంటి నుంచి లెక్క వేస్తే అది వేరు. గన్నవరం 20 కిలోమీటర్లు, పోవడానికి ఒక గంట. రెండు గంటల ముందే రమ్మంటారు. అక్కడ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపాలె, సంచులు తనిఖీ చేయించాలె. ఎగరడం ఒక గంట. దిగి సంచి తీసుకొని దవాఖాన చేరేసరికి ఇంకో గంట. మొత్తం 5 గంటలు!

ఖర్చు సంగతీ ఉంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు ఎగిరాయి. కడప–హైదరాబాదు విమానం వాటిలో ఒకటి. గంట ప్రయాణానికి సగం సీట్ల ధర 2,500 రూపాయలు మించరాదని అప్పుడు పెట్టారు. అదైనా కూలికి పోయే మనిషికి ఎన్ని రోజుల కష్టం!

తల్లి ఇవేవీ అడగలేదు. ఒక్కటే అడిగింది.

"బిడ్డా, అది ఎన్ని గంటలకు లేస్తది?"

పెద్దబిడ్డ ఫోనులో చూసింది. ఆ రోజు ఉన్నది ఒక్కటే విమానం. 17:20 అని ఉంది. ఇలా రాస్తే 12 తీసేయాలి. అంటే సాయంత్రం 5 గంటల 20 నిమిషాలు. చిన్న విమానాశ్రయాలతో ఇదే చిక్కు. వేగం ఉంటది, విమానాలే తక్కువ.

తల్లి వేళ్ళు ముడిచి లెక్క చూసుకుంది. దిగేసరికి ఆరున్నర. దవాఖానకు ఏడున్నర. బస్సు 9 గంటలకుంది. ఎనిమిది, ఎనిమిదిన్నర గంటల ప్రయాణం.

"బస్సుకే పోతా" అన్నది.

సాయంత్రం ఆరు కాకముందే ఆమె దవాఖాన మెట్లెక్కింది. అల్లుడు ఎదురొచ్చాడు.

"ఆడపిల్ల, అత్తమ్మా. ఇద్దరూ బాగున్నారు. నిన్నే అడుగుతోంది."

ఆ విమానం అప్పటికింకా ఆకాశంలోనే ఉంది.