వైద్యవిద్యకు దగ్గరిదారి కలదా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామము తన గ్రంథాలయమును 25 సంవత్సరములు నిలుపుకొనుట సామాన్యవిషయము కాదు. ఇట్టి శుభసమయమున నాకు అప్పగించిన విషయము, వైద్యపట్టమును తక్కువ కాలములో సంపాదించు మార్గమున మన పిల్లలను పంపవచ్చునా, పంపరాదా అనునది. ఇది పండితుల వినోదమునకై ఏర్పడిన చర్చ కాదు. ఈ పఠనమందిరముననే కూర్చుండి నీట్ పరీక్షకు చదువుచున్న బాలబాలికలు కలరు. వారికై పొలము కుదువపెట్టుటకు సిద్ధపడిన తండ్రులును కలరు. కావున ఉద్రేకముతో గాక, లెక్కతో మాటలాడుట నా విధి.

మొదట మన దారి యెంత పొడవో చూతము. మన దేశమున ఇంటర్మీడియెట్ ముగించి, నీట్‌లో తగిన స్థానము పొందినవాడు 4½ సంవత్సరములు చదివి, ఒక సంవత్సరము ఆసుపత్రిలో శిక్షణ పొంది ఎం.బి.బి.ఎస్. పట్టభద్రుడగును. మొత్తము 5½ సంవత్సరములు. అమెరికాలో నట్లు కాదు. అచట మొదట 4 ఏండ్ల డిగ్రీ, పిదప 4 ఏండ్ల వైద్యకళాశాల, ఆ పైని రెసిడెన్సీ అను శిక్షణ 3 మొదలు 7 ఏండ్లు. అందుచేతనే అచటివారు దగ్గరిదారులు వెదకిరి. మిస్సోరీ రాష్ట్రమున కాన్సాస్ సిటీలోని విశ్వవిద్యాలయ వైద్యకళాశాల 1971లో ఉన్నతపాఠశాల విద్యార్థులను నేరుగ చేర్చుకొని 6 ఏండ్లలో వైద్యులను చేయు పద్ధతి ప్రారంభించినది. అమెరికాలో స్థిరపడిన మన బంధువులు తమ పిల్లలను ఇట్టి చదువులలో చేర్పింప ఉత్సాహపడుచుందురు. ఆ ముచ్చట విని మనమును తొందరపడుట కలదు. కాని యోచింపుడు. వారి దగ్గరిదారి 6 ఏండ్లు. మన రాజమార్గమే 5½ ఏండ్లు. మనము మొదటినుండియు దగ్గరిదారిననే నడచుచున్నాము. ఇంక తగ్గింపవలెనన్నచో ఎచట తగ్గింతుము?

ఈ ప్రశ్నకు చరిత్ర కొంత సమాధానము చెప్పగలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున వైద్యులు చాలకపోగా అమెరికా కళాశాలలు 4 ఏండ్ల చదువును 3 ఏండ్లలో ముగించినవి. ఎట్లనగా, వేసవి సెలవులను తీసివేసినవి. తగ్గినది విశ్రాంతి గాని పాఠము కాదు. 1969లో తొలి విద్యార్థులను చేర్చుకొన్న కెనడాలోని మెక్‌మాస్టర్ వైద్యకళాశాలయు ఇట్లే దీర్ఘమైన సెలవులు లేకుండ 3 ఏండ్ల చదువును నడపుచున్నది. అందు చేరువారు అంతకుముందే విశ్వవిద్యాలయమున కొన్నియేండ్లు చదివినవారు. 1970 తరువాత అమెరికాలో ప్రభుత్వ ధనసహాయముతో పెక్కు కళాశాలలు 3 ఏండ్ల చదువును చేపట్టి, ఆ దశాబ్దము ముగియునప్పటికి చాలవరకు విడిచిపెట్టినవి. విద్యార్థులు పరీక్షలలో వెనుకబడినందున కాదు. గురుశిష్యు లిరువురును అలసిపోయినందున. 2013లో న్యూయార్క్ విశ్వవిద్యాలయము మరల ఆ పద్ధతిని కొలదిమంది విద్యార్థులకు మాత్రము ప్రవేశపెట్టినది.

వీనినుండి నేను గ్రహించిన సారము ఒక్కటే. సెలవులను కోసిన దగ్గరిదారి వేరు, రోగి మంచము చెంత గడుపవలసిన కాలమును కోసిన దగ్గరిదారి వేరు. మొదటిది దృఢశరీరము, స్థిరనిశ్చయము గలవారికి చెల్లును. రెండవది ఎవ్వరికిని చెల్లదు.

ఏలయనగా, రోగము పాఠ్యప్రణాళికను చూచుకొని రాదు. కృషీవలులైన మీకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. వడదెబ్బ రోహిణికార్తెలో వచ్చును. పాముకాట్లు వానలు పడి పొలముపనులు సాగునప్పుడు హెచ్చును. డెంగీజ్వరము వానకాలమునను, ఆ వెనుకను విజృంభించును. పసిబిడ్డల ఆయాసము చలిలో ఎక్కువగును. కాన్పునొప్పులు అర్ధరాత్రమున వచ్చును. వీనిని ఒకసారి చూచిన చాలదు. మొదటియేడు చూచి భయపడి, రెండవయేడు చూచి గుర్తుపట్టి, మూడవయేడు చేయి వణకక చికిత్స చేయవలెను. పంటకాలమును తగ్గించు వంగడములు వచ్చినవి నిజమే. వానిని సృష్టించినవారు గింజ పాలుపోసుకొను దశను మాత్రము తీసివేయలేదు.

మన దేశమునను ఒకప్పుడు పొట్టిదారి యుండెడిది. ఎల్.ఎం.పి. అను బోర్డు గల వైద్యులను వృద్ధులు కొందరు ఎరుగుదురు. వారు వైద్యపాఠశాలలలో 3, 4 ఏండ్లు చదివినవారు. 1946లో భోర్ సంఘము తన నివేదిక సమర్పించునాటికి దేశమున నమోదైన సుమారు 47,500 మంది వైద్యులలో దాదాపు 30,000 మంది ఇట్టి లైసెన్షియేట్లే. ఇకమీదట దేశమునకు ఒకే తరగతి వైద్యుడు చాలునని ఆ సంఘము నిర్ణయించినది. పల్లెలకు వైద్యులు కరవగుదురని అందలి 6 గురు సభ్యులు భిన్నాభిప్రాయము వ్రాసిరి. వారి భయము వ్యర్థము కాలేదని మన పల్లెలే సాక్ష్యము చెప్పగలవు. అయినను ఒక్క విషయము గమనింపుడు. ఎల్.ఎం.పి. వైద్యుడు తన బోర్డుపై ఎల్.ఎం.పి. అనియే వ్రాసికొనెను. పొట్టిచదువునకు పొట్టిపేరే పెట్టబడినది. రోగికి మోసము లేదు.

నేటి చిక్కు మరియొక విధమైనది. నీట్‌లో స్థానము రాని విద్యార్థి యింటికి దళారులు వచ్చి, లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఒక యేడు పోగొట్టుకొననేల, ఫలానా దేశమున త్వరగా డాక్టరు కావచ్చునని చెప్పుదురు. తండ్రులారా! సంతకము చేయుటకు ముందు ఒక్క సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు. అది 54. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరు 18వ తేదీన ప్రకటించిన నిబంధనల ప్రకారము, విదేశమున చదివినవాడు మన దేశమున వైద్యము చేయవలెనన్నచో ఆ చదువు 54 నెలలకు తక్కువ కారాదు. ఒకే సంస్థలో, ఇంగ్లీషు మాధ్యమమున సాగవలెను. ఆ సంస్థయందే మరి 12 నెలల శిక్షణ జరుగవలెను. అచట వైద్యము చేయుటకు అచటి పౌరులతో సమానముగ అర్హత కలుగవలెను. తిరిగివచ్చిన పిమ్మట ఇచట పరీక్షలో ఉత్తీర్ణుడై, మరి 12 నెలల శిక్షణ పొందవలెను.

ఈ నిబంధన వచ్చిన నాడు ఫిలిప్పీన్సు దేశమునకు పోవుచున్న మన తెలుగుపిల్లలకు గొప్ప కష్టము వాటిల్లినది. అచట మొదట బి.ఎస్. అను పూర్వవిద్య, తరువాత 4 ఏండ్ల ఎం.డి. చదువు. 4 ఏండ్లనగా 48 నెలలు. పూర్వవిద్య వైద్యవిద్యలో లెక్కకు రాలేదు. 6 నెలల వెలితి ఎన్ని కుటుంబములను కలవరపెట్టినదో మీరెరుగుదురు. విదేశవిద్య యంతయు చెడ్డదని నేననను. 6 ఏండ్లు నిండుగ చదివించు దేశములును గలవు. కాని తిరిగివచ్చి వ్రాయు పరీక్షలో 300 ప్రశ్నలకు 150 సరిగ వ్రాసినచో చాలునన్నను, మూడవవంతు మందియైనను గట్టెక్కని పర్యాయములే ఎక్కువ. ఒక యేడు మిగులునని పోయి, ఆ పరీక్షకై రెండుమూడేండ్లు వెచ్చించుట దగ్గరిదారి యెట్లగును?

కావున విద్యార్థులారా, ఎవరు పొట్టిదారి చూపినను మూడు ప్రశ్నలు వేయుడు. ఈ దారిలో తగ్గించినది సెలవులా, పాఠమా, రోగి చెంత గడుపు కాలమా? ఈ పట్టముతో మన రాష్ట్రమున నా పేరు వైద్యుల పట్టికలో నమోదగునా? నాకు నిజముగ వైద్యమునందే మనసున్నదా? మూడవ ప్రశ్నకు జవాబు దొరకనిచో మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున అనుమతి గైకొని కొన్నిదినములు కూర్చుండి చూడుడు. రోగుల సేవయే కోరిక, కాలము మాత్రము తక్కువ అన్నచో, మూడేండ్ల జి.ఎన్.ఎం., నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగు వంటి గౌరవప్రదమైన చదువులు గలవు. 2018 తరువాత పల్లె ఉపకేంద్రములలో రోగులను ముందుగ చూచుచున్న వారిలో ఇట్లు నర్సింగు చదివినవారు పెక్కురు. అవి తమ పేరు తాము చెప్పుకొను పొట్టిదారులు. వానియందు అవమానమేమియు లేదు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపము. 18 ఏండ్ల బిడ్డకు ఒక యేడు ఆలస్యమగుట ఆపద కాదు. ఆ బిడ్డ 40 ఏండ్లు వైద్యము చేయవలసినవాడు. ఆ యేటిని దాచబోయి 40 ఏండ్లను పణము పెట్టకుడు.

కార్యవర్గమువారికిని ఒక మనవి. కమిషన్ నిబంధనల ప్రతి నొకదానిని తెలుగున వ్రాయించి ఈ పఠనమందిరమున నుంచుడు. నిబంధన మారినప్పుడెల్ల ప్రతిని మార్చుడు. దళారి మాట వినుటకు ముందు ఈ గ్రామపు తండ్రి ఇచటికి వచ్చి చదువుకొని పోవునట్లు చేసినచో, ఈ గ్రంథాలయము రాబోవు 25 ఏండ్లలో చేయు సేవలకు అది మంచి ఆరంభమగును.