జబ్బు నయమవుతుంది, మనిషి కోలుకుంటాడు



సాహిత్య సదస్సుకు అధ్యక్షత వహించి మానసిక ఆరోగ్యం మీద మాట్లాడమని పిలుపు వచ్చినప్పుడు తటపటాయించాను. ముప్పై రెండేళ్ళు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. సంధులూ సమాసాలూ నాకు తిండి పెట్టాయి గాని, మందూ మాకూ నాకు తెలియవు. నిర్వాహకులు వదల్లేదు. "పాఠాల సంగతే కదా సార్, మాస్టార్లే మాట్లాడాలి" అన్నారు. సరే, నాకు తెలిసిన వ్యాకరణంతోనే మొదలుపెడతాను. బయటికి వెళ్ళి టీ తాగి రాదలచిన వాళ్ళకు ఇదే అదను.

జబ్బు నయమైంది అంటాం. మనిషి కోలుకున్నాడు అంటాం. మొదటి వాక్యానికి కర్త జబ్బు, రెండో వాక్యానికి కర్త మనిషి. "ఆయనకు నయమైంది" అన్నా సరే, ఆయన షష్ఠీ విభక్తి తగిలించుకుని ఓ పక్కన నిలబడి ఉంటాడు, పనంతా మందుది. కోలుకోవడంలో అలా కుదరదు. అందులో 'కొను' ఉంది. నేర్చుకోవడంలో, తెలుసుకోవడంలో, నిలదొక్కుకోవడంలో ఉన్న కొను అదే. తన కోసం తాను చేసుకునే పనికి మన భాష దాన్ని జోడిస్తుంది.

ఇంగ్లిషువాళ్ళు రికవరీ అన్న ఒక్క మాట మీద ఈ రెండు అర్థాలనూ మోపి, తర్వాత వాటిని విడదీయడానికి చాలాకాలం అవస్థ పడ్డారు. పాట్రీషియా డీగన్ అని అమెరికాలో ఒక మనస్తత్వవేత్త ఉన్నారు. టీనేజీలోనే ఆమెకు స్కిజోఫ్రీనియా అని తేల్చారు. ఆ తర్వాత చదువుకుని డాక్టరేటు తెచ్చుకున్నారు. 1988లో ఆమె ఒక వ్యాసంలో పునరావాసం వేరు, కోలుకోవడం వేరు అని రాశారు. మొదటిది ఇతరులు అందించే సేవ, రెండోది ఆ మనిషి బతికి చూసే అనుభవం. 1993లో బోస్టన్‌లో విలియం ఆంథొనీ అనే పరిశోధకుడు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, జబ్బు లక్షణాలు పూర్తిగా పోకపోయినా మనిషి తృప్తిగా, ఆశతో, నలుగురికి పనికొస్తూ బతకగలిగితే దాన్ని కోలుకోవడం అనే అనాలన్నారు. మానసిక వైద్యంలో ఇదో పెద్ద మలుపు. మన క్రియాపదం మాత్రం ఈ సంగతి చెబుతూనే ఉంది, మనమే వినిపించుకోలేదు.

మా మేనత్త కొడుకు సంగతి చెబుతాను. పేరు చెప్పను. ఈ సంగతి చెప్పడానికి మాత్రం ఆయన ఒప్పుకున్నాడు, ఆ ముచ్చట చివర వస్తుంది. మాది గుంతకల్లు వైపు. ఇరవై రెండో ఏట మా బావకు ఎవరికీ వినబడని గొంతులు వినబడసాగాయి. తాయెత్తులు కట్టించారు, గుళ్ళో నిద్ర చేయించారు, ఆనక ఆసుపత్రికి తీసుకుపోయారు. మందులు పనిచేశాయి. రెండేళ్ళలో గొంతులు సద్దుమణిగాయి. ఇంటిల్లిపాదీ మొక్కులు తీర్చుకున్నారు. ఆ తర్వాత ఆయన పద్దెనిమిదేళ్ళు అరుగు మీద కూర్చున్నాడు.

ఎవరూ ఆయన్ను కొట్టలేదు, తిట్టలేదు. పెళ్ళిళ్ళలో వడ్డనకు పిలవలేదు, అంతే. చేతికి డబ్బు ఇవ్వలేదు. ఇంటికి వచ్చినవాళ్ళు ఆయన ఎదుటే "ఇప్పుడెట్లుండాడు?" అని మేనత్తను అడిగేవాళ్ళు. నేనూ అట్లాగే అడిగాను. ఆ మాత్ర ఎందుకు మింగాలో, వరసగా నాలుగు రాత్రులు నిద్ర చెడితే ఏం ముంచుకొస్తుందో, గొంతులు మళ్ళీ మొదలైతే ముందు ఎవరికి చెప్పాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిందంతా మేనత్తకు చెప్పి పంపారు. ఆమెకు చదువు రాదు.

మా బావకు దొరకని తరగతి గది ఒకటి 2009లో నైరుతి లండన్‌లో తెరుచుకుంది. దాన్ని రికవరీ కాలేజీ అన్నారు. అంతకు ముందే అమెరికాలో బోస్టన్‌లోనూ, అరిజోనాలోని ఫీనిక్స్‌లోనూ ఇలాంటివి నడిచాయి. లండన్‌లో దీనికి పూనుకున్నవాళ్ళలో రేచెల్ పెర్కిన్స్ ముఖ్యురాలు. ఆమె మనస్తత్వవేత్త, తన మానసిక అనారోగ్యం గురించి బహిరంగంగా మాట్లాడిన మనిషి కూడా. 2011లో నాటింగ్‌హామ్‌లో మరొకటి మొదలైంది. 2023లో అచ్చయిన ఒక అంతర్జాతీయ లెక్క ప్రకారం 28 దేశాల్లో 221 ఉన్నాయి.

ఇవి ఎలా నడుస్తాయో చూస్తే మాస్టారుగా నాకు ముచ్చటేసింది. ముందు టర్ముకో ప్రాస్పెక్టస్ వస్తుంది. అది తిరగేసి నచ్చిన కోర్సులో పేరు రాయించుకోవాలి. ఎక్కువచోట్ల డాక్టరు చీటీ అక్కర్లేదు, ఫీజు ఉండదు. జబ్బుపడిన మనిషి, ఆయన భార్య, ఆయన్ను చూసే నర్సు ఒకే గదిలో ఒకే వరసలో విద్యార్థులుగా కూర్చుంటారు. ఎవరు ఎవరో అడగరు. నిద్ర పట్టడం, మందుల గురించి డాక్టరుతో మాట్లాడడం, వినబడే గొంతులతో బతకడం, డబ్బు సర్దుకోవడం, తన కథ తాను చెప్పుకోవడం, ఇలా ఉంటాయి కోర్సులు. కొన్ని రెండు గంటల్లో అయిపోతాయి, కొన్ని పది వారాలు సాగుతాయి. నచ్చకపోతే మానేయవచ్చు. ఆసుపత్రిలో మానేస్తే 'రోగి సహకరించలేదు' అని రాస్తారు. కాలేజీలో మానేస్తే మానేశాడు, అంతే.

అసలు కిటుకు అయ్యవార్ల దగ్గర ఉంది. ప్రతి తరగతికీ ఇద్దరు. ఒకరు ఆ పని చదువుకున్నవాళ్ళు, డాక్టరో నర్సో మనస్తత్వవేత్తో. రెండోవారు ఆ బాధ పడి బయటపడినవాళ్ళు. పాఠం చెప్పడమే కాదు, రాయడం కూడా ఇద్దరూ కలిసే చేయాలి. డాక్టరు రాసిచ్చిన పాఠాన్ని మాజీ రోగి చేత చదివిస్తే దాన్ని రికవరీ కాలేజీ అనరు. ఈ నియమం సడలిన చోట అది మామూలు ఆరోగ్య ప్రచారంగా మారిపోతుందని దాన్ని నడిపేవాళ్ళే చెబుతారు.

దీని మీద విమర్శ లేకపోలేదు. 'రికవరీ ఇన్ ద బిన్' అని ఇంగ్లండులో ఒక బృందం ఉంది. అందులోవాళ్ళు మానసిక అనారోగ్యాన్ని అనుభవించినవాళ్ళే. మీరు కోలుకున్నారు పొండి అంటూ సాయానికి కోత పెట్టడానికి ప్రభుత్వాలు ఈ మాటను వాడుకుంటున్నాయన్నది వాళ్ళ కోపం. ఆ కోపం న్యాయమైనదే. పింఛను ఆగిపోయిన మనిషికి ఆశ గురించి పాఠం చెప్పడం ఎగతాళి. మందు, డాక్టరు, ఇల్లు, నాలుగు డబ్బులు ఉండాలి, వాటి పక్కన పాఠం ఉండాలి.

ఇక మన దగ్గరికి వద్దాం. 1982లో దేశానికి మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్ళు బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు తర్ఫీదు ఇచ్చి, మానసిక వైద్యం ఊళ్ళకు చేరగలదని చూపించారు. ఆ నమూనాతో 1996లో జిల్లా కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తంలో ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఈ సంగతి మెదక్ వాళ్ళకే చాలామందికి తెలియదు. 2015-16 జాతీయ సర్వే పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందనీ, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదనీ తేల్చింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. నలుగురి మధ్య బతకడం ఆ మనిషి హక్కు అంది. ఆ చట్టం వెనుక ఏర్వాడి ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఆ ఊళ్ళో, దర్గా దగ్గర నడిపే ఒక ఆశ్రమం తగలబడితే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక చనిపోయారు. 2022 అక్టోబరులో టెలి మానస్ అనే ఫోన్ సేవ వచ్చింది. 14416కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు రాసుకోండి, మీ కోసం కాకపోతే పక్కింటి వాళ్ళ కోసం.

డాక్టరూ చట్టమూ ఫోనూ, ఆలస్యంగానైనా, వచ్చాయి. పాఠం రాలేదు. నా దృష్టిలో ఆ లోటులో సగం పాపం మన సాహిత్య లోకానిది.

జింబాబ్వే నుంచి ఒక ఉదాహరణ చెప్పి ఈ మాట ఎందుకన్నానో వివరిస్తాను. 2006లో హరారే నగరంలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు ఆసుపత్రి ఆవరణలో బెంచీ వేసి, పద్నాలుగు మంది అమ్మమ్మలకు తర్ఫీదు ఇచ్చి కూర్చోబెట్టాడు. మొదట దానికి మానసిక ఆరోగ్య బెంచీ అని పేరు పెట్టాడు. ఎవరూ రాలేదు. అమ్మమ్మలే ఆ పేరు మార్చి స్నేహపు బెంచీ అన్నారు. డిప్రెషన్ అన్న మాట కూడా పక్కన పెట్టారు. షోనా భాషలో 'కుఫుంగిసిసా' అనే మాట ఉంది, ఆలోచనలు మితిమీరిపోవడం అని అర్థం. ఆ మాటతోనే మొదలుపెట్టారు, జనం వచ్చారు. ఆ పద్ధతి పనిచేస్తోందని 2016లో అమెరికన్ వైద్య పత్రికలో పరిశోధన వెలువడింది. ఇది వినగానే మనవాళ్ళు రచ్చబండ అంటారు. అయ్యా, రచ్చబండ మీద తీర్పులు చెప్పారు గాని, మనసు విప్పినవాళ్ళెవరు?

మాటలు మనకూ ఉన్నాయి. కోస్తాలో బెంగ, దిగులు. మా సీమలో "శానా యోచన చేస్తుండాడు" అంటే ఆ మనిషిని కనిపెట్టి ఉండమని అర్థం. తెలంగాణలో రంది, మనాది. సంస్కృతంలో ఒంటి బాధను వ్యాధి అనీ, మనసు బాధను ఆధి అనీ అన్నారు. ఆధివ్యాధుల జంటలో వ్యాధి ఒక్కటే మన వాడుకలో నిలిచింది. మనాదిలో నాకు ఆ ఆధి వినిపిస్తుంది, పండితులు కాదంటే కాదంటారు. వీటన్నిటినీ పక్కకు నెట్టి మన కరపత్రాలు బైపోలార్ జబ్బును 'ద్విధ్రువ రుగ్మత' అని రాస్తాయి. అది చదివిన మనిషికి ఉన్న జబ్బుకు తోడు భయం పట్టుకుంటుంది. పత్రికలవాళ్ళు డిప్రెషన్‌కు తెచ్చిన కుంగుబాటు మాత్రం నిలబడింది. పొద్దు కుంగడం, నేల కుంగడం మనం కళ్ళతో చూసినవే కదా.

కథకుల మీద కూడా నాకో ఫిర్యాదు ఉంది. మనసు లోపలికి వెళ్ళడం మనకు చేతకాక కాదు. గోపీచంద్ సీతారామారావు, బుచ్చిబాబు దయానిధి, రావిశాస్త్రి సుబ్బయ్య, నవీన్ 'అంపశయ్య'లో రవి, ఈ నవలా నాయకులను చదివి పెరిగాం. మనసు ఎలా చితికిపోతుందో చెప్పాం. చితికిన మనిషి సోమవారం పొద్దున లేచి, మాత్ర వేసుకుని, క్యారేజీ కట్టుకుని బస్సెక్కడం నేను చదివిన తెలుగు నవలల్లో బహు అరుదు. సినిమా సంగతి చెప్పక్కర్లేదు, దానికి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అంటే ఒక జోకు.

ఉచితంగా, సాయంత్రం పూట, పెద్దవాళ్ళకు, వాళ్ళ బతుకు మీదే పాఠం చెప్పడం మనకు కొత్తా? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం గుర్తు చేసుకోండి. పొలం పనులు ముగించుకుని వచ్చిన ఆడవాళ్ళు లాంతర్ల వెలుగులో తమ ఇళ్ళ కథలే వాచకాల్లో చదివారు. దూబగుంటలో రోశమ్మా తోటివాళ్ళూ సారా కొట్టును మూయిస్తే, ఆ కథ మళ్ళీ పాఠమై మిగతా ఊళ్ళకు వెళ్ళింది. 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠాల్లో చదివేవాళ్ళ బతుకే ఉంది, వాటికి అంత బలం అక్కడి నుంచే వచ్చింది. ఇప్పుడు ఊరూరా పొదుపు సంఘాలు ఉన్నాయి. నెలనెలా చాప పరిచి కూర్చునే అలవాటు ఉంది. వాళ్ళ మధ్య పెట్టడానికి పాఠం కావాలి.

అందుకే ఈ సదస్సులో పత్ర సమర్పణలు తగ్గించమని నేనే అడిగాను. మధ్యాహ్నం రెండున్నరకు మూడు బల్లల చుట్టూ కూర్చుంటాం. ఒక్కో బల్ల దగ్గర ఒక డాక్టరు, ఒక రచయిత, జబ్బుపడి తేరుకున్నవారు ఇద్దరు, ఇంట్లో ఒకరిని చూసుకుంటున్న వాళ్ళు ఒకరు. నిద్ర మీద ఒక పాఠం, మాత్రల మీద ఒకటి, చుట్టాల ప్రశ్నలకు ఏం బదులు చెప్పాలన్న దాని మీద ఒకటి. కలం రచయిత చేతిలోనే ఉంటుంది, కొట్టివేసే హక్కు మాత్రం జబ్బుపడి తేరుకున్న ఆ ఇద్దరిది.

ఆ హక్కు ఎలా ఉంటుందో నేను ముందే రుచి చూశాను. ఈ ఉపన్యాసం రాసి మా బావకు చదివి వినిపించాను. ఆయన ఇప్పుడు ఒక ఎరువుల దుకాణంలో పద్దులు రాస్తాడు, పదకొండేళ్ళుగా. దుకాణం యజమాని పెద్దమనసు చేసుకుని ఆయనకు పని ఇచ్చాడని, ఆ దయే ఆయన్ను అరుగు మీద నుంచి లేపిందని చక్కగా ఒక పేరా రాసుకున్నాను. నాకు చాలా నచ్చిన పేరా. బావ చెయ్యెత్తి ఆపాడు. "దయా లేదు, ఏమీ లేదప్పా. ముందున్న గుమాస్తా దుడ్డు ఎత్తుకొని పాయ. మనిషి దొరక్క నన్ను పిలిచె. లెక్క తప్పితే అందరినీ తిట్టినట్లే నన్నూ తిడుతుండె. అది రాయి."