యవన గాథలు - పసిపిల్లల బొమ్మల పుస్తకములు
(గ్రంథాలయ రజతోత్సవ ప్రసంగ పాఠము)



భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున పర్ణశాల కలదు. అచటికి వచ్చిన ప్రతి బిడ్డకును పెద్దలు రాతిమీది చారలను చూపి, ఇవి సీతమ్మ చీర లారవేసిన జాడలని చెప్పుదురు. బిడ్డ ముందు జాడను చూచును. ఆ పిమ్మట కథను వినును. అక్షరము ఎప్పటికో వచ్చును. పసిపిల్లల బొమ్మల పుస్తకము పనిచేయు తీరును ఇదియే. పూర్వులు యవనులని పిలిచిన గ్రీకుల ప్రాచీన గాథలను ఈ అడవి అంచున నున్న అయిదారేండ్ల పిల్లలకు బొమ్మలతో చెప్పవచ్చునా, చెప్పినచో ఎట్లు చెప్పవలెను అనునది ఈ ప్రసంగమునకు విషయము.

తెలుగువారి కిది క్రొత్త పని కాదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు మద్రాసున 'చందమామ'ను స్థాపించిరి. కొడవటిగంటి కుటుంబరావుగారు దాని సంపాదక భారమును వహించిన కాలమున 'రూపధరుని యాత్రలు' అను ధారావాహిక వెలువడెను. అది హోమరు మహాకవి రచించిన 'ఒడిస్సీ' కథయే. 'ఇలియడ్' కథ 'భువనసుందరి' అను పేర వచ్చెను. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య వంటి చిత్రకారుల బొమ్మలతో ఇంటింట చదువబడిన ఆ పత్రిక నేడు లేదు. కాని దాని పాత సంపుటములను దాచుకొన్నవారు ఇంకను పెక్కురు కలరు.

రూపధరుడు పదియేండ్లు యుద్ధమున, మరి పదియేండ్లు సముద్రముపై గడిపి, బిచ్చగాని వేషమున ఇల్లు చేరెను. ఎవరికిని లొంగని తన వింటిని ఎక్కుపెట్టి తానెవరో తెలిపెను. శివధనుస్సు విరిచిన రాముని కల్యాణమును ఏటేట చూచు పిల్లలకు ఈ విల్లు పరాయిది కాదు. పదునాలుగేండ్ల వనవాసము నెరిగిన బిడ్డ ఇరువదియేండ్ల ఎడబాటును సులభముగా గ్రహించును.

పేర్లు మార్చుట మంచిదా కాదా అన్న వాదము కలదు. ఒడిస్సియస్సును రూపధరుడనుట వలన కథ వెంటనే ఇంటిలోనికి వచ్చెను. అది చందమామ చేసిన మేలు. అయితే ఆ కథ గ్రీకులదని చాలమందికి పెద్దవారైన పిదపగాని తెలియలేదు. ఘటోత్కచుడు, జాంబవంతుడు అను పేర్లను తడబడక పలుకు బిడ్డకు పెనెలొపి అను పేరు కష్టమగునా? నోరు తిరుగనిది పెద్దలకే. బొమ్మల పుస్తకమున అసలు పేర్లనే ఉంచుట మేలు. ఇతర దేశముల తల్లులును ఇట్టి కథలే చెప్పుదురని బిడ్డకు తెలియుట చిన్న లాభము కాదు.

ఇక భయము మాట. ఒంటికన్ను రాక్షసుడు గుహలో మనుష్యులను తినును. ఒడిస్సియస్సు తన పేరు 'ఎవడూకాడు' అని చెప్పి, వానికి మద్యము పోసి, కాల్చిన కొయ్యతో కన్ను పొడిచెను. రాక్షసుడు "ఎవడూకాడు నన్ను చంపుచున్నాడు" అని అరచెను. ఇరుగుపొరుగు రాక్షసులు అది విని, ఎవడును చంపనప్పుడు తాము చేయున దేమున్నదని మరలిపోయిరి. ఈ ఘట్టమును పసివారికి చెప్పరాదని కొందరందురు. శూర్పణఖ ముక్కు కోసిన కథను ఈ ప్రాంతపు పిల్లలు ఊయల నుండి వినుచునే యున్నారు. దానివలన ఎవరును చెడలేదు. చిక్కు కథలో లేదు, ఏ బొమ్మ వేయవలె ననుటలో నున్నది. కన్ను పొడుచుటను బొమ్మగా వేయ నక్కరలేదు. మరునాడు ఉదయమున గ్రుడ్డి రాక్షసుడు గుహవాకిట కూర్చుండి, బయటకు పోవు పొట్టేళ్ళ వీపులను తడవి చూచును. వాని పెద్ద చేతిక్రింద, పొట్టేలు కడుపు నంటిపట్టుకొని మనిషి వ్రేలాడుచుండును. ఆ బొమ్మ చాలును. రాక్షసునికి తెలియని రహస్యము బిడ్డకు తెలియును. అప్పుడు భయము పోయి ఆనందము కలుగును.

వదలవలసినవి లేకపోలేదు. ఒడిస్సీ చివర పండ్రెండుగురు దాసీలను ఉరితీసిన ఘట్టము, కన్నబిడ్డలను చంపిన మెడియా కథ పెద్దల భాగము. వాటిని తీయగా మార్చి చెప్పుట కంటె చెప్పకుండుటయే మేలు. ఏలయనగా మార్పు ఒక్కసారి జరిగిన తరువాత మూలమునే మరపించును. మైడాసు రాజు ముట్టిన దెల్ల బంగారమైన కథలో అతని కూతురు కూడ బంగారుబొమ్మ యైనదని లోకమంతయు చెప్పుకొనును. లాటిన్ కవి ఓవిడ్ కావ్యములో ఆ కూతురే లేదు. అన్నపానీయములు బంగారమగుటతోనే రాజునకు బుద్ధి వచ్చును. పిల్లల కొఱకు ఈ కథలను తిరిగి చెప్పిన అమెరికా రచయిత హాథార్న్ 19వ శతాబ్దమున ఆమెను కల్పించెను. కల్పన అందముగా నున్నదనుటకు సందేహము లేదు. అందువలననే పాతకథ మరుగున పడెను.

దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములలో ఇంట కోయభాష మాటలాడు పిల్లలు పెక్కుమంది. వారికి గ్రీకుకథ మాత్రమే కాదు, తెలుగు పుస్తకము కూడ పరభాషయే. కావున ఇచట బొమ్మయే మొదటి వంతెన. ఆ వంతెనను కోయలు ఎన్నడో కట్టుకొనిరి. డోలీ గాయకులు త్రికోణాకారపు గుడ్డపై బొమ్మలున్న 'పడిగె'ను ఆధారముగా గొని గట్టుల వంశకథలను పాడుదురు. సమ్మక్క సారలమ్మల గాథను పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ లభించెను. హోమరు కథలును ఒకప్పుడు ఇట్లే గాయకుల నోట నిలిచినవి. ఒడిస్సియస్సు బొమ్మల పుస్తకము ఉండు అరలోనే పడిగె కథల బొమ్మల పుస్తకమునకు కూడ చోటుండవలెను.

పుస్తకమును బిడ్డ చేతికిచ్చి పొమ్మనుట వలన ప్రయోజనము లేదు. కోయభాష తెలిసిన అక్కయో తాతయో ప్రక్కన కూర్చుండి, తెలుగు అచ్చును కాసేపు విడిచిపెట్టి, బొమ్మను చూపి ఇంటిభాషలో కథ చెప్పవలెను. పొట్టేళ్ళ బొమ్మ వచ్చినప్పుడు మనిషి ఎక్కడ దాగెనని అడుగవలెను. బిడ్డ వ్రేలు పెట్టి చూపువరకు పుట త్రిప్పరాదు.