ఎముక మోసిన గొంతు, ఫోను మోసిన గొంతు

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు హిందీలో పాఠం చెప్పి, పిల్లల మొహాలు చూసి వాళ్ళ ఇంటి భాష దోర్లీలో విడమరిచి, సాయంత్రం ఈ బస్తర్ ఊరు దోర్నపాల్ బజారులో తెలుగులో బేరమాడేవారని మీలో చాలామంది చెప్పారు. మనిషి ఒకరే, గొంతులు మూడు. మన గొంతు మనకెలా వినిపిస్తుందన్న విషయం ఎంచుకోవడానికి అదే కారణం.

ముందొక చిన్న పని చేయండి. రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని 'ఊ' అనండి. తలంతా మోగుతుంది. ఇప్పుడు 'ఆ' అనండి. మోత తగ్గింది కదా! పెదాలు దగ్గరికి తెచ్చి పలికే అచ్చులకు నోటి లోపల ఒత్తిడి ఎక్కువ. ఆ కంపనం దవడ మీదుగా, పుర్రె మీదుగా పోయి చెవిగొట్టం గోడల్ని కదుపుతుంది. చెవి తెరిచి ఉంటే అందులో చాలా భాగం బయటికి పోతుంది, మూస్తే లోపలే చిక్కుకుంటుంది. పాటగాళ్ళు చెవి మీద చెయ్యి పెట్టుకుని రాగం తీయడంలో ఈ కిటుకు కొంత ఉందని నా నమ్మకం.

కాబట్టి మన మాట మనకు రెండు దారుల్లో అందుతుంది, గాలిలోంచి ఒకటి, ఎముకలోంచి ఒకటి. హంగేరీ తపాలా శాఖ ప్రయోగశాలలో టెలిఫోన్ల పని చేస్తూ చెవి మీద పరిశోధనకు వచ్చిన గియోర్గ్ వాన్ బెకెషీ, ఈ రెండు దారుల వాటా దాదాపు సమానమని 1949లో తేల్చాడు. పలికే అక్షరాన్ని బట్టి ఆ వాటా మారుతుందని తర్వాతివారు సవరించారు. ఎముక దారి మంద్రధ్వనుల్ని బాగా మోస్తుంది. రికార్డులో ఆ దారి ఉండదు. అందుకే పల్చగా, కీచుగా ఏదో గొంతు వినబడి "ఇది నేనేనా?" అంటాం. మీరే. మీ ఇంట్లోవాళ్ళు రోజూ వినేది దాన్నే.

ఇక ఫోను సంగతి. మామూలు ఫోను లైను సెకనుకు సుమారు 300 నుంచి 3400 కంపనాల వరకే మోస్తుంది. మగవాళ్ళ గొంతు మూలస్వరం 100కి కాస్త అటూ ఇటూ, ఆడవాళ్ళది 200 దరిదాపు. అంటే ఎముక దేన్ని ఎక్కువగా ఇస్తుందో సరిగ్గా దాన్నే ఫోను వదిలేస్తుంది. అయినా అమ్మ 'ఎక్కడున్నావ్' అనగానే గుర్తుపడతాం. పై స్వరాల వరసను బట్టి లేని మూలస్వరాన్ని కూడా వినే శక్తి మనకుంది. ఆ శక్తి సొంత గొంతు దగ్గర పెద్దగా ఊరటనివ్వదు, ఎందుకంటే అక్కడ పోలిక తలలో మోగే గొంతుతో.

బస్తర్‌లో ఎందరికో సొంత గొంతు ఎదురుపడింది ఫోనులోనే. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి, ఆయన మిత్రులు 2010లో మొదలుపెట్టిన ఫోను వార్తావేదిక సీజీనెట్ స్వరలో, ఒక నంబరుకు ఫోన్ చేసి, 1 నొక్కి చెప్పదలచుకున్నది చెప్పేవారు. పరిశీలకులు ఒప్పుకున్నాక ఎవరైనా 2 నొక్కి వినగలిగేవారు, చెప్పినవాళ్ళూ వినేవారు. రేషన్ రాలేదని, కూలి డబ్బు పడలేదని, మధ్యలో ఒక పెళ్ళిపాట. గోండిలోనూ హిందీలోనూ.

అలా సొంత గొంతు విన్నప్పటి కలవరానికి ఎముకల లెక్క ఒక్కటే చాలదు. 1966లో ఫిలిప్ హోల్జ్‌మన్, క్లైడ్ రౌసీ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు, రికార్డులో సొంత గొంతు విన్నవారి కలవరాన్ని వివరించారు. మనం చెప్పదలచుకోని బెరుకు, కోపం కూడా గొంతు చెప్పేస్తుందనీ, మనల్ని ఉలిక్కిపడేలా చేసేది అదేననీ వాళ్ళ వాదన. మరుసటి ఏడాది రెండు భాషలవాళ్ళ మీద మరో పరిశోధన వచ్చింది. 16 ఏళ్ళు దాటాక రెండో భాష నేర్చుకున్నవాళ్ళు తమ గొంతును మాతృభాషలో విన్నప్పుడే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. పుర్రె అదే, ఎముక అదే, మారింది భాష ఒక్కటే!

దోర్నపాల్‌కు ఈ మాట నేరుగా తగులుతుందని నేననుకుంటాను. ఆఫీసు కిటికీ దగ్గర మాట్లాడే హిందీ ముందే కూడబలుక్కున్న హిందీ. ఇంటి భాషలో అలా కూడబలుక్కోం, వణుకు వణుకుగానే వస్తుంది. పైగా 2005లో మొదలైన మావోయిస్టు వ్యతిరేక సల్వాజుడుం రోజుల్లో ఊళ్ళు వదిలి ఇక్కడి శిబిరంలో చేరినవాళ్ళున్నారు, ఖమ్మం వైపు దాటి 'గుత్తికోయలు' అనిపించుకున్నవాళ్ళున్నారు. అటుపోయినవాళ్ళ పిల్లలకు తెలుగే బడిభాష. రికార్డులో గోండి మాట్లాడే తన గొంతు విని ఒకడు తల దించుకుంటే, అది మంద్రధ్వనులు తగ్గినందుకేనా? ఆ భాషకు బయట దక్కిన మర్యాద ఎంతో కూడా ఆ వినికిడిలో కలిసిపోయి ఉంటుంది.

ఇంకో విశేషం. సూసన్ హ్యూస్, మారిసా హారిసన్ 2013లో, ఎవరి గొంతు ఏదో చెప్పకుండా కొన్ని రికార్డులు వినిపించి మార్కులు వేయమన్నారు. వాటిలో తమదీ ఉందని తెలియనివాళ్ళు, తమ గొంతుకు ఇతరులు వేసినదానికంటే ఎక్కువ మార్కులే వేసుకున్నారు. కాబట్టి గొంతులో లోపమేమీ లేదు.

ఈ సభలో ఉపాధ్యాయులున్నారు గనుక ఒక విన్నపం. ఒకే కథను ఒక్కో పిల్లవాడి చేత దోర్లీలో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పించి రికార్డు చేయండి. పేర్లు చెప్పకుండా కలిపి వినిపించండి. ఏది తనదో ఎవరు ముందు గుర్తుపడతారు, ఏ భాషలో నవ్వుతారు, ఏ భాషలో ముడుచుకుంటారు, రాసిపెట్టండి. అమెరికాలో వచ్చిన ఫలితమే ఇక్కడా రావాలని లేదు. మన పిల్లలు హిందీలోకి వచ్చేది 16 దాటాక కాదు, బడిలో చేరిన రోజునే.