దేనిని వదలి వెళ్ళాము?

 



ప్రతివారం ముందు వరుసలో నిలబడే యువకుడు రెండు జుమాలు కనబడకపోతే పక్కవారిని అడుగుతాం. కడపలోనైతే "సౌదీ వెళ్ళాడు" అంటారు. కరీంనగర్‌లోనైతే "దుబాయి పోయిండు" అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో "బాహర్ గయా" అంటారు. భాష ఏదైనా ఈ క్రియ ఎక్కడికి వెళ్ళాడో చెబుతుంది. వెనుక దేనిని వదలి వెళ్ళాడో చెప్పదు.

అరబీలో దేశం మారడానికి మనం బాగా ఎరిగిన క్రియ 'హాజర'. హిజ్రత్, ముహాజిర్, హిజ్రీ శకం అన్నీ దాని నుండి పుట్టినవే. దీనికి మూలమైన 'హజర'కు వదలివేయుట, తెంచుకొనుట అని అర్థం. ఆ ధాతువులో ఓడ లేదు, ఒంటె లేదు, దూరం లేదు. విడిచిపెట్టడం ఒక్కటే ఉంది.

దివ్య ఖుర్‌ఆన్ ఈ మాటలను ఎంతో జాగ్రత్తగా వాడుతుంది. అన్యాయంగా తమ ఇళ్ళ నుండి గెంటివేయబడిన వారి గురించి చెప్పేటప్పుడు 'వెళ్ళగొట్టబడ్డారు' అనే క్రియనే వాడింది (అల్ హజ్ : 40). ధర్మం కోసం ఊరు వదలుకున్న వారి గురించి చెప్పేటప్పుడు 'హాజరూ' అన్నది. ఉపాధిని వెతుక్కుంటూ భూమిలో సంచరించే వారికి మరొక క్రియ, 'యద్‌రిబూన', ఉన్నది. అల్ ముజ్జమ్మిల్ సూరా చివరి వాక్యాన్ని చూడండి. రాత్రి నమాజు భారాన్ని తేలికపరుస్తూ అల్లాహ్ మూడు రకాల మనుషులను ప్రస్తావించాడు: వ్యాధిగ్రస్తులు, తన అనుగ్రహాన్ని అన్వేషిస్తూ ప్రయాణించేవారు, తన మార్గంలో పోరాడేవారు. జీతం కోసం గల్ఫుకు వెళ్ళే బిడ్డకు ఇంతకన్నా గౌరవం ఏం కావాలి? అతని ప్రయాణానికి హిజ్రత్ అనే పేరు అతికించి పెద్దది చేయనవసరం లేదు. దానికి ఖుర్‌ఆన్‌లో దాని సొంత పేరే ఉన్నది.

అయితే 'హజర' బాధ్యత అతనికి లేదనుకోరాదు. అల్ ముద్దస్సిర్ సూరా అయిదవ వాక్యంలో మాలిన్యాన్ని వదలిపెట్టమనే ఆజ్ఞ ఇదే ధాతువుతో వచ్చింది. అది తొలినాళ్ళలో మక్కాలోనే అవతరించిన వాక్యం. మదీనా ప్రయాణం క్రీ.శ. 622లో జరిగింది. అంటే కాళ్ళు కదలడానికి చాలా ఏళ్ళ ముందే హృదయానికి హిజ్రత్ విధించబడిందన్నమాట. అల్లాహ్ నిషేధించిన వాటిని వదలిపెట్టినవాడే ముహాజిర్ అన్న భావం గల ప్రవక్త (స) ప్రవచనం బుఖారీ గ్రంథంలో ఉన్నది. దీని ప్రకారం, ఏనాడూ వీధి దాటి ఎరుగని ఒక ముసలమ్మ పరనిందను మానుకుని ముహాజిర్ కావచ్చు. రెండు సముద్రాలు దాటినవాడు కాకపోనూ వచ్చు.

ఇక వదలి వెళ్ళే పద్ధతిని దైవప్రవక్త (స) జీవితంలో చూద్దాం. మక్కావాసులు వారిని హతమార్చడానికి పన్నాగం పన్నారు. అదే మక్కావాసుల సొమ్ము వారి వద్ద అమానతుగా ఉన్నది. ప్రాణాపాయంలో ఉన్న మనిషి ఆ సొమ్మును లెక్కచేయకపోతే లోకం తప్పుపట్టేది కాదు. కాని వారు హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి, ఎవరి సొమ్ము వారికి అప్పగించిన తరువాతే బయలుదేరి రమ్మన్నారు. ప్రాణం తీయవచ్చిన శత్రువు సొమ్మును కూడా తిరిగి అప్పగించే ఏర్పాటు చేయకుండా వారు ఊరు వదలలేదు.

మనం ఎలా వెళ్తున్నాం? కిరాణా కొట్టు ఖాతా, బావమరిది దగ్గర చేబదులు, భార్యకు ఇవ్వవలసిన మహర్, తండ్రి ఆస్తిలో చెల్లెలి వాటా, వీటన్నిటినీ నోటిమాట మీద వదలి విమానం ఎక్కుతున్నాం. అప్పును రాసిపెట్టుకోమని ఖుర్‌ఆన్ ఆదేశించింది (అల్ బఖరా : 282). వెళ్ళే ముందురోజు ఒక కాగితం మీద ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుండి ఎంత రావాలో రాసి, సాక్షుల చేత సంతకం చేయించి ఇంట్లో ఉంచండి. పెట్టె సర్దుకోవడం కంటే ఇది ముఖ్యం.

మరొక మాట కొందరికి రుచించకపోవచ్చు. 'ఆజాద్ వీసా' పేరిట వీసా మీద ఒక పని, చేతిలో మరొక పని, కఫీలుకు నెలనెలా ముడుపు. ఇది అసత్యంతో మొదలయ్యే ప్రయాణం. పట్టుబడితే శిక్ష అనుభవించేది ఆ పేదవాడే. మన దేశంలో నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుముకు ప్రభుత్వం పరిమితి విధించింది. అది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగి రసీదు ఇవ్వనివాడు మన మహల్లా మనిషే అయినా, మన పక్కనే నమాజు చేసేవాడే అయినా, అతని చేతిలో ఇంటి కాగితాలు పెట్టకండి.

సోదరులారా, వదలకూడనివాటి గురించి చెప్పేటప్పుడూ ఇదే క్రియ వచ్చిందంటే ఆశ్చర్యపోతారు. ఒక ముస్లిం తన సోదరుణ్ణి మూడు రోజులకు మించి వదలివేయడం ధర్మసమ్మతం కాదని, ఇద్దరిలో ముందుగా సలాం చేసినవాడే ఉత్తముడని ప్రవక్త (స) బోధించారు. అక్కడి క్రియ 'యహ్‌జుర'. ఒక అన్న రియాద్‌లో, ఒక తమ్ముడు నిజామాబాద్‌లో. ఇద్దరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటారు, పండుగ శుభాకాంక్షలు అందరికీ పంపుతారు. నాలుగు గజాల స్థలం కోసం ఒకరితో ఒకరు మాట్లాడక ఏళ్ళు గడిచిపోతాయి. డబ్బు పంపుతూనే భార్యకు ఒక మాట కరువు చేసిన భర్తలూ ఉన్నారు. ఖుర్‌ఆన్‌ను తన జాతి 'మహ్‌జూర్' చేసిందని ప్రవక్త మొరపెట్టుకునే సందర్భం అల్ ఫుర్ఖాన్ సూరాలో ఉన్నది (30వ వాక్యం). మహ్‌జూర్ అంటే వదలివేయబడినది. అదీ ఈ ధాతువే.

ఇళ్ళలో ఉన్నవారికీ ఒక విన్నపం. వెళ్ళినవాడు సుఖపడుతున్నాడని తేలికగా అనకండి. క్రీ.శ. 615 ప్రాంతంలో కొందరు విశ్వాసులు మక్కా హింస తాళలేక అబిసీనియా చేరారు. హజ్రత్ జాఫర్ (రజి), వారి భార్య అస్మా బిన్త్ ఉమైస్ (రజి) అక్కడ ఏళ్ళ తరబడి ఉండి, హిజ్రీ 7లో ఓడలో తిరిగివచ్చి మదీనా చేరారు. హిజ్రత్‌లో మేము మీకన్నా ముందున్నామని హజ్రత్ ఉమర్ (రజి) అస్మాతో అన్నారు. ఆమె ఊరుకోలేదు. మీరు దైవప్రవక్త సన్నిధిలో ఉన్నారు, మీలో ఆకలిగొన్నవారికి వారు అన్నం పెట్టేవారు, మేము దూరదేశంలో భయంతో బతికామని బదులిచ్చి, విషయాన్ని నేరుగా ప్రవక్త (స) ముందుంచారు. వారికి ఒక్క హిజ్రత్ పుణ్యమే, ఓడలో వచ్చిన మీకు రెండు హిజ్రత్‌ల పుణ్యమని వారు తీర్పు చెప్పారు. ఆ మాటను ఆమె నోట మళ్ళీ మళ్ళీ వినడానికి ఓడవారు గుంపులుగా ఆమె వద్దకు వచ్చేవారట.

ఓ అల్లాహ్! పరదేశపు ఎండలో చెమటోడుస్తున్న మా బిడ్డలను కాపాడు. జీతం అందనివారికి వారి హక్కు ఇప్పించు. దారి మూసుకుపోయినవారిని క్షేమంగా ఇల్లు చేర్చు. వారి కోసం గుమ్మం వైపు చూసే తల్లులకు ఓర్పు ప్రసాదించు. ఆమీన్.